నాటకాలోళ్ళు సినిమా తీస్తే నాటకంలాగే ఉంటదా? సిడ్నీ లూమెట్ గురించి తెలిసినోళ్ళు చెప్పండి

శివారు_చేను:

నమస్కారమండి అందరికీ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, పరిషత్తు నాటక పోటీలకి నాటికలు ఆడే చిన్న సమాజం ఉంది మాకు. చేపల చెరువుల మీద ఒకరు, స్కూల్లో ఒకరు, ఎరువుల కొట్లో ఒకరు, ఇలా అందరం పనులు చేసుకునేవాళ్ళమే, రాత్రి తొమ్మిది దాటాక రిహార్సల్స్. ఇప్పుడు ఆడుతున్న నాటిక మొత్తం ఒకే గదిలో జరుగుద్ది. దాళ్వాకి (రెండో పంటకి) వంతులవారీ నీళ్ళిచ్చే రోజుల్లో రాత్రిపూట ఎవరో తూము తలుపు ఎత్తేశారు, నీళ్ళన్నీ పక్క బోదెలోకి పోయి శివారు చేలు ఎండినాయి, ఒక కౌలు కుర్రోడి మీద అనుమానం. నీటి సంఘం గదిలో తొమ్మిదిమంది రైతులు కూర్చుని వాడి కౌలు తీయించేద్దామా వద్దా అని తేల్చాలి. అదండి కథ.

చూసినోళ్ళు కొందరు దీన్ని సినిమాగా తీసి యూట్యూబ్‌లో పెట్టండి అంటున్నారు. హైదరాబాద్‌లో ఎడిటింగ్ చేసే మా ఊరి కుర్రాడేమో "బాబాయ్ మీరు నాటకాలోళ్ళు, ఒక గదిలో కూర్చోబెట్టి తీస్తే స్టేజీని వీడియో తీసినట్టుంటది, పది నిమిషాలు కూడా చూడరు" అన్నాడు. అది విన్నాక మావాళ్ళు బాగా డీలా పడిపోయారు. అప్పుడు ఇంకొకాయన 12 యాంగ్రీ మెన్ అనే అమెరికా సినిమా, హత్య కేసులో తీర్పు చెప్పడానికి కోర్టు పిలిచిన పన్నెండుమంది మామూలు మనుషులు (జ్యూరీ అంటారు) ఒక గదిలో కూర్చుని తేల్చే కథ, చూడమంటే అందరం కూర్చుని సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాం, మాలో ఇంగ్లీషు సరిగ్గా రానోళ్ళు కూడా చివరిదాకా కదల్లేదండి, గంటన్నర సినిమా ఒకే గదిలో, పాట లేదు, ఫైట్ లేదు. అది తీసినాయన సిడ్నీ లూమెట్ అంట, అదే ఆయన మొదటి సినిమా అంట. ఆయన ఎక్కణ్ణించి వచ్చాడు, స్టేజీ మనిషేనా, స్టేజీ మనిషైతే అది స్టేజీలా ఎందుకు లేదు? తరవాత ఏం తీశాడు? ఓపిగ్గా ఎవరైనా చెప్తే మా కుర్రాళ్ళకి చదివి వినిపిస్తాను.

పాత_ప్రాంప్టర్:

బాబూ, నాది పాలకొల్లు. నలభై ఏళ్ళ పైనుంచి పరిషత్తులతోనే నా బతుకు, మీ ప్రశ్న చూసి చాలా సంతోషం కలిగింది. మీ కుర్రాళ్ళకి గట్టిగా చదివి వినిపించండి, ఆయన స్టేజీ మనిషే, అదీ మామూలుగా కాదు, స్టేజీ మీద పెరిగిన మనిషి. 1924లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు, పెరిగింది న్యూయార్క్‌లో, తండ్రి బరూక్ లూమెట్ యిడ్డిష్ నాటకాల్లో నటుడు. అంటే పోలండ్ వైపు నుంచి వలసొచ్చిన యూదులు వాళ్ళ భాషలో వాళ్ళ పేటల్లో ఆడుకునే నాటకాలన్నమాట, టికెట్ కొని చూసేదీ ఆ పేదోళ్ళే. మనవాడు నాలుగైదేళ్ళ వయసుకే రేడియోలోనూ స్టేజీ మీదా వేషాలు వేశాడు, 1935లో పదకొండేళ్ళకి న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వే ఎక్కాడు. అవి అమెరికాలో పెద్ద ఆర్థిక మాంద్యం రోజులు, ఆ వచ్చే డబ్బులు ఇంటికి అవసరం, సరదాకి వేసిన వేషాలు కావు.

తరవాత యుద్ధం వచ్చింది, సైన్యంలో చేరాడు, రాడార్లు బాగుచేసే పని, పోస్టింగ్ ఎక్కడనుకున్నారు, మన ఇండియాలోనూ బర్మాలోనూ. నాకు ఇది చదివినప్పుడల్లా మా పెద్దాళ్ళు చెప్పిన మాటలు గుర్తొస్తాయి, 1942 ఏప్రిల్‌లో కాకినాడ మీద జపానోళ్ళు బాంబులు వేశారు కదా, అప్పుడు ఊళ్ళు ఖాళీ చేసి జనం పల్లెటూళ్ళకి బండ్లు కట్టుకుని వెళ్ళిపోయారని మా నాయనమ్మ చెప్పేది. అదే యుద్ధం, ఇటేపే ఎక్కడో ఆయన తీగలు చుడుతూ కూర్చున్నాడు. యుద్ధం అయ్యాక న్యూయార్క్ వెళ్ళి నటుల్ని పోగేసి ఒక చిన్న సమాజం పెట్టాడు, స్కూల్లో పిల్లలకి నటన నేర్పాడు, నాటకాలు డైరెక్ట్ చేశాడు. 1950 ప్రాంతంలో సీబీఎస్ టీవీలో చేరాడు. అదండి ఆయన పుట్టుపూర్వోత్తరాలు.

ఇక అసలు సంగతి. స్టేజీ నుంచి ఆయన తెచ్చుకున్నది సెట్టూ కాదు, గట్టిగా అరిచి డైలాగ్ చెప్పడమూ కాదు. రిహార్సల్. సినిమావాళ్ళు రిహార్సల్ అంటే షాట్‌కి ముందు ఐదు నిమిషాలు అనుకునే రోజుల్లో ఆయన షూటింగ్‌కి ముందు సుమారు రెండువారాలు నటులందరినీ కూర్చోబెట్టేవాడు. మొదటి రోజులు బల్ల చుట్టూ కూర్చుని చదవడమే. తరవాత నేల మీద రంగుల టేపుతో గది గీసి, ఇక్కడ గుమ్మం ఇక్కడ కిటికీ ఇక్కడ కుర్చీ అని గుర్తులు పెట్టి నడిపించడం. మనం కొబ్బరితోటలోనో స్కూలు వరండాలోనో సుద్దముక్కతో గీసుకుని చేసేది ఇదే కదండీ, కొత్తేముంది! అందుకే షూటింగ్‌లో ఆయన ఎక్కువ టేకులు తియ్యడని పేరు, అనుకున్న రోజులకన్నా ముందే ముగించేసేవాడు. 12 యాంగ్రీ మెన్ ఇరవై రోజుల లోపే తీసేశాడు, ఖర్చు సుమారు 3 లక్షల 40 వేల డాలర్లు, అప్పటి హాలీవుడ్ లెక్కలో చాలా తక్కువ, అప్పటికి ఆయన వయసు 32.

నటుల్ని నమ్మేవాడండి ఆయన. 1974లో మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ తీసినప్పుడు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి పెద్ద వేషం ఇస్తానంటే ఆవిడ వద్దు ఆ స్వీడిష్ మిషనరీ వేషం ఇవ్వండి చాలు అందంట. ఆ ప్రశ్నలడిగే సీన్ కట్ చెయ్యకుండా కొన్ని నిమిషాలు ఆవిడ మీదే ఒకటే షాట్‌గా ఉంచేశాడు. ఆ చిన్న వేషానికి ఆస్కార్ వచ్చింది ఆవిడకి. 1976లో నెట్‌వర్క్‌లో బియాట్రిస్ స్ట్రెయిట్ అని ఒకావిడ, సినిమా మొత్తం మీద ఐదారు నిమిషాలకి మించి కనపడదు, ఆవిడకీ ఆస్కార్. పరిషత్తుల్లో మనం చూస్తుంటాం, ఉత్తమ నటుడు ప్రైజు ఒక్కోసారి రెండు పేజీల వేషం వేసినవాడికి వస్తది, ఎందుకంటే దర్శకుడు ఆ రెండు పేజీలకీ టైమిచ్చాడు కాబట్టి.

యానాం_రేవు:

పెద్దాయన చెప్పినవన్నీ నిజమేనండి కానీ ఒక ముఖ్యమైన ముక్క ఒక్క లైన్‌లో దాటేశారు, దాని గురించి నేను గట్టిగా చెప్పాలి. లూమెట్‌ని తయారుచేసింది స్టేజీ ఒక్కటే కాదు, లైవ్ టీవీ. ముందు యూల్ బ్రిన్నర్ కింద అసిస్టెంట్, అవునండి, తరవాత గుండుతో పెద్ద స్టార్ అయిన ఆయనే, అప్పుడు సీబీఎస్‌లో డైరెక్టర్. ఆయన వెళ్ళిపోయాక డేంజర్ అనే సీరీస్ లూమెట్ చేతికొచ్చింది, తరవాత యూ ఆర్ దేర్. అవి రికార్డ్ చేసి వేసేవి కావు, అక్కడ నటుడు మాట్లాడతంటే ఇక్కడ ఇళ్ళల్లో జనం చూస్తంటారు, స్టూడియోలో రెండు మూడు కెమెరాలు కేబుళ్ళు ఈడ్చుకుంటూ తిరుగుతుంటాయి, డైరెక్టర్ కంట్రోల్ రూంలో కూర్చుని ఏ కెమెరా ఎప్పుడు అనేది అప్పటికప్పుడు చెప్పాలి, తప్పు జరిగితే రీటేక్ లేదు, అమెరికా మొత్తం చూసేసినట్టే. వారం వారం అలా కొన్నేళ్ళు చేశాడు. కాబట్టి 1957లో మొదటి సినిమా అంటున్నాం గానీ ఎవరి మొహం మీద ఎంతసేపుండాలి, మాట్లాడేవాణ్ణి చూపించాలా వినేవాణ్ణి చూపించాలా అనేది అప్పటికే చేతికి వచ్చేసింది.

ఆ కథ కూడా టీవీదే. రెజినాల్డ్ రోజ్ 1954లో టీవీ నాటకంగా రాశాడు, అప్పుడు డైరెక్ట్ చేసింది లూమెట్ కాదు, ఫ్రాంక్లిన్ షాఫ్నర్. తరవాత అందులో హీరో వేషం వేసిన హెన్రీ ఫోండా, రోజ్ కలిసి నిర్మాతలుగా సినిమా చేద్దామనుకుని లూమెట్‌ని పిలిచారు. బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద ప్రైజు గోల్డెన్ బేర్ వచ్చింది, ఆస్కార్‌కి మూడు నామినేషన్లు, మూడూ ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్ అనే సినిమాకి పోయినాయి. అప్పట్లో థియేటర్లలో డబ్బులు కూడా పెద్దగా రాలేదు.

ఎందుకు చెప్తున్నానంటే మీ ఎడిటర్ కుర్రాడి మాటలో సగం నిజం ఉంది. స్టేజీ వచ్చినంత మాత్రాన కెమెరా రాదు. మీరు నేరుగా నలభై నిమిషాల సినిమాకి దిగొద్దు, నాటికలో ఒక్క రెండు నిమిషాల ముక్క తీసుకుని ఫోన్‌తోనే తీయండి, కట్ చెయ్యండి, చూడండి, వచ్చేవారం ఇంకో ముక్క. ఆయనకి టీవీ ఇచ్చిన అలవాటు మీకు అలా రావాలి. ఇంకోటి, ఆయన తీసిందల్లా బంగారం కాదు. యాభై ఏళ్ళలో 40 పైచిలుకు సినిమాలు తీశాడు, ఆగకుండా తీసేవాడు, అందులో తేలిపోయినవీ ఉన్నాయి. 1978లో ది విజ్ అని పెద్ద మ్యూజికల్, డయానా రాస్, మైకేల్ జాక్సన్ ఉన్నారు, ఖర్చు కూడా వెనక్కి రాలేదు. పెద్ద సెట్లూ పాటలూ ఆయనకి పడలేదని నా అభిప్రాయం, గదిలో నలుగురు మనుషుల్ని పెట్టి తలుపేస్తే మాత్రం ఆయనకి సాటి లేరు.

పాత_ప్రాంప్టర్:

టీవీ సంగతి ఒప్పుకుంటాను బాబూ, మంచిమాట చెప్పారు. కానీ ఆ లైవ్ టీవీలో నిలబడగలిగింది ఎవరు? డైలాగ్ మర్చిపోయినా పక్కవాడు అందుకుని లాక్కెళ్ళే స్టేజీ నటులే కదా. రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి.

లెన్సుబాబు:

అండి నేను అమలాపురం, ఇప్పుడు హైదరాబాద్‌లో కెమెరా అసిస్టెంట్‌గా చేస్తున్నా. స్టేజీలా ఎందుకు లేదు అని అడిగారు కదా, ఆ ముక్క నేను చెప్తా, ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో.

స్టేజీ ముందు కూర్చున్నోడికి చూపు ఒకటే, మొదటి నుంచి చివరిదాకా అదే కుర్చీ అదే దూరం. లూమెట్ ఏం చేశాడంటే సినిమాని మనసులో మూడు ముక్కలు చేసుకున్నాడు. మొదటి ముక్కలో కెమెరా కంటి ఎత్తుకి పైన, మనం కొంచెం పైనుంచి చూస్తుంటాం, గది విశాలంగా ఉంటది. రెండో ముక్కలో కంటి ఎత్తులో. మూడో ముక్కలో కంటికి కింద, అప్పుడు సీలింగ్ కనపడ్డం మొదలవుద్ది. దాంతోపాటు లెన్సులు కూడా మారుస్తూ వెళ్ళాడు, మొదట్లో వైడ్ (ఎక్కువ మేర చూపించేవి), పోనుపోను లాంగ్ లెన్సులు (దూరాన్ని దగ్గరగా లాగేవి), దాంతో వెనక గోడలు మనుషుల వీపులకి అంటుకుపోతాయి, బల్ల చిన్నదైపోయినట్టు, గాలి ఆడనట్టు ఉంటది. చూసేవాడికి కెమెరా మారిందని తెలీదు, ఊపిరాడట్లేదని మాత్రం తెలుస్తది. చివర్లో కోర్టు మెట్ల మీదకి బయటికొచ్చినప్పుడు ఒక్కసారిగా వైడ్ లెన్స్, ఎత్తునుంచి. మీరు ఆ షాట్ దగ్గర హమ్మయ్య అనుకుని ఉంటారు, అందుకే. కెమెరామన్ బోరిస్ కౌఫ్‌మన్, చాలా గొప్పాయన, ఆన్ ది వాటర్‌ఫ్రంట్‌కి అప్పటికే ఆస్కార్ తీసుకున్నాడు.

ఇంకో సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. డబ్బులు తక్కువ, లైటింగ్ మార్చడానికి టైం పడుతుంది కాబట్టి ఒక కుర్చీకి లైటింగ్ చేశాక ఆ కుర్చీలో కూర్చున్నాయన సినిమా మొత్తంలో అటువైపు చెప్పే డైలాగులన్నీ ఒకేసారి తీసేశారు. అంటే మొదటి పది నిమిషాల్లోది, చివరి పది నిమిషాల్లోది ఒకే పూట. కోపం ఎక్కడిదాకా వచ్చిందో, చెమట ఎంత పట్టిందో నటుడికి మొత్తం గుర్తుండాలి. రెండువారాల రిహార్సల్ లేకపోతే అది జరిగే పని కాదు. ఆయన తరవాత తీసిన సెర్పికో సినిమాలో కూడా ఇలాంటిదే, అల్ పచీనోకి సినిమా చివర్లో పెద్ద గడ్డం జుట్టు ఉంటాయి, కాబట్టి చివరి సీన్లు ముందు తీసి కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ వెనక్కి వచ్చారు.

మీకు పనికొచ్చేది చెప్తా. ఫోన్‌తోనైనా ఇది చెయ్యొచ్చు, కానీ ఉన్నచోటే నిలబడి జూమ్ చేస్తే గోడ దగ్గరకి రాదు, మనిషి పెద్దగా కనపడతాడంతే. టూ ఎక్స్‌గానీ త్రీ ఎక్స్‌గానీ లెన్స్ పెట్టి మీరు వెనక్కి జరగాలి, మనిషి సైజు అంతే ఉంచాలి, అప్పుడు గోడ ముందుకొచ్చినట్టు ఉంటది. వెనక్కి జరగడానికి చోటు కావాలి కదా, లూమెట్‌ది న్యూయార్క్‌లో స్టూడియో సెట్, మీది నిజం గది. రెండువైపులా తలుపులున్న గది చూసుకోండి, వరండాలో ట్రైపాడ్ పెట్టి గుమ్మంలోంచి తీయొచ్చు.

కోర్టుచెట్టు:

నేను రాజమండ్రిలో ప్రాక్టీసు చేస్తానండి, మీ కథ చదవగానే ఒక అనుమానం వచ్చింది, చెప్పకుండా ఉండలేకపోతున్నా. ఆ సినిమాకి ఇంజను ఏంటంటే జ్యూరీ తీర్పు పన్నెండుమందీ ఒకటే మాట మీదుండాలి, అది అక్కడి చట్టం. అందుకే పదకొండుమంది చేతులెత్తినా ఒక్కడు కాదంటే తలుపు తెరుచుకోదు. మెజారిటీ చాలు అనుంటే సినిమా ఐదు నిమిషాల్లో అయిపోయేది, కుర్రోడికి మరణశిక్ష పడేది.

మన దగ్గర జ్యూరీ పద్ధతి లేదు. ఒకప్పుడు ఉండేది, 1959లో భార్య ప్రియుణ్ణి కాల్చిచంపిన నేవీ ఆఫీసరు నానావతి కేసులో జ్యూరీ 8కి 1 తేడాతో నిర్దోషి అంది, సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు, అక్కడ శిక్ష పడింది, ఆ తరవాత జ్యూరీ మీద నమ్మకం పోయింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అసలు లేకుండానే పోయింది. చూశారా, అక్కడ 8కి 1 సరిపోయింది. మరి మీ నీటి సంఘంలో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది తీయించేద్దాం అంటే ఆ ఒక్కడి కోసం మిగతావాళ్ళు ఎందుకు ఆగుతారు? ప్రేక్షకుడు ఈ ప్రశ్న వేసుకున్నాడంటే మీరు ఏ లెన్స్ పెట్టినా లాభం లేదు. దీనికి కథలోనే ఒక కట్టుబాటు పెట్టాలి, అందరూ సంతకం పెట్టిన కాయితం ఉంటేనే భూమి ఆసామి కౌలు రద్దు చేస్తానన్నాడనో, ఇంకోటో.

న్యాయం, పోలీసు, కోర్టు అనేవి లూమెట్‌ని జీవితాంతం వదల్లేదు. సెర్పికో 1973, లంచాల మీద నోరువిప్పిన నిజం పోలీసు కథ. 1981లో ప్రిన్స్ ఆఫ్ ది సిటీ, అందులో నోరువిప్పినవాడే తప్పుచేసినవాడు, నాకు సెర్పికో కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది, ఎవరిపక్కా నిలబడనివ్వడు మనల్ని. 1982లో ది వెర్డిక్ట్, పాల్ న్యూమన్ తాగుబోతు లాయరు. జూనియర్లకి చూడమని చెప్తుంటాను, వాదన గెలవడం ఎలాగో నేర్చుకోవడానికి కాదు, క్లయింటుని అడక్కుండా సెటిల్‌మెంట్ కాదనడం ఎంత తప్పో చూడ్డానికి. మన రాజమండ్రిలో 1880లో వీరేశలింగం గారు తన విద్యార్థులతో ఆడించిన నాటకం కూడా వకీళ్ళ అన్యాయాల మీదే, కాబట్టి ఈ సరుకు మన స్టేజీకి కొత్త కాదు.

శివారు_చేను:

అందరికీ దణ్ణాలండి, రాత్రి రిహార్సల్‌లో మొత్తం చదివాను. లాయరుగారూ, మీ ప్రశ్నకి మా రచయిత చాలాసేపు మాట్లాడలేదు, తరవాత మీరన్నది ఒప్పుకున్నాడు. మా నాటికలో ఆ ముసలి రైతు ఒక్కడే కాదంటాడు, మిగతావాళ్ళు ఆయన పెద్దరికం చూసి ఆగుతారని రాసుకున్నాం, స్టేజీ మీద ఆ వేషం వేసేవాడి గొంతు బాగుండి నెట్టుకొచ్చింది గానీ కెమెరా ముందు నిలవదు. సంతకాల కాయితం పెడుతున్నాం. ముసలాయన దగ్గర పెన్ను ఉంటది, ఆయన ఇవ్వడు.

ఇంకా రెండు అడగాలి. ఒకటి, ఆ సినిమాలో ఫ్యాన్ మొదట పనిచెయ్యదు కదా, మేమూ గదిలో ఉక్క చూపించాలి, ఏప్రిల్‌లో తీద్దామనుకుంటున్నాం. ఫ్యాను తిరిగితే సౌండ్ పోద్దా? రెండోది, మొత్తం అన్నిట్లోకీ మావాళ్ళు ముందు ఏ సినిమా చూడాలి? అన్నీ చూసే టైం మాకు లేదు.

లెన్సుబాబు:

ఫ్యాను ఆపేసే తీయండి, ఏప్రిల్ మధ్యాహ్నం మన సైడు మేకప్ మనిషి నీళ్ళు చల్లక్కర్లేదు. ఆ సినిమాలో ఫ్యాను స్విచ్ లైటు స్విచ్‌తో కలిపి ఉంటది, వాన కమ్ముకొచ్చి చీకటిపడి లైటేస్తే అప్పుడు తిరుగుద్ది, ఎంత చిన్న సంగతో చూడండి. మీకైతే కరెంటు పోయింది అనుకోండి, ఏకంగా కథలోనే పెట్టెయ్యండి. కానీ చెమట లెక్క రాసుకోండి, ఏ సీన్‌లో ఎవరి చొక్కా ఎంత తడిసిందో ఫొటోలు తీసి పెట్టుకోండి, లేకపోతే ఎడిటింగ్‌లో చొక్కాలు ఆరుతూ తడుస్తూ ఉంటాయి. మైకు మాత్రం ఫోన్‌ది వద్దు, అద్దెకి తెచ్చుకోండి, బల్ల మీద దాచేయొచ్చు.

యానాం_రేవు:

డాగ్ డే ఆఫ్టర్‌నూన్ చూడండి, 1975. బ్రూక్లిన్‌లో 1972 ఆగస్టులో నిజంగా జరిగిన బ్యాంకు దోపిడీ. అదీ ఉక్కే, అదీ ఒకే చోటే, మొదట్లో ఒక పాట తప్ప సినిమా మొత్తం బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. రిహార్సల్‌లో నటుల్ని సొంత మాటల్లో మాట్లాడనిచ్చి అది రికార్డ్ చేసి రచయిత ఫ్రాంక్ పియర్సన్ స్క్రిప్ట్‌లోకి ఎక్కించాడు, ఆ స్క్రిప్ట్‌కి ఆస్కార్ వచ్చింది. మీవాళ్ళందరూ రైతులే కాబట్టి మీకు అది బాగా పనికొస్తది, నీళ్ళ గురించి తిట్టుకునేటప్పుడు రచయిత రాసిందానికన్నా మీ నోటికొచ్చిందే బాగుండొచ్చు. ఇంకోటి, ఆయన న్యూయార్క్ వదిలి హాలీవుడ్ వెళ్ళి కూర్చోలేదు, చాలామటుకు తన ఊళ్ళో తనకి తెలిసిన వీధుల్లోనే తీశాడు. మీరు కూడా హైదరాబాద్‌లో ఎవరింట్లోనో గది చూసుకోకుండా మీ నీటి సంఘం గదిలోనే తీయండి, గోడ మీద ఆ పాత ఆయకట్టు మ్యాపు అలాగే ఉంచండి.

పాత_ప్రాంప్టర్:

నేనైతే వరస ఇలా చెప్తాను. ముందు డాగ్ డే ఆఫ్టర్‌నూన్, తరవాత ది వెర్డిక్ట్, తరవాత నెట్‌వర్క్. అందులో పీటర్ ఫించ్ ఆస్కార్ ఫంక్షన్‌కి ముందే పోయాడు, పోయాకే ఉత్తమ నటుడు ఇచ్చారు. లూమెట్‌కి మాత్రం డైరెక్టర్‌గా నాలుగుసార్లు నామినేషన్ వచ్చి ఒక్కసారీ రాలేదు, 2005లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆయన అంతటితో ఊరుకోలేదు, 2007లో బిఫోర్ ది డెవిల్ నోస్ యు ఆర్ డెడ్ తీశాడు, 83 ఏళ్ళకి, అదీ ఫిల్మ్ మీద కాదు డిజిటల్ కెమెరాతో, కుర్రాళ్ళు తీసినంత కోపంగా ఉంటది. 2011లో పోయాడు.

సినిమా మొదలుపెట్టే ముందు ఆయన అందరికన్నా ముందు తనని తాను అడిగే ప్రశ్న ఒకటుండేది, ఈ కథ అసలు దేని గురించి అని. జవాబు ఒక్క వాక్యంలో వచ్చేదాకా లెన్సుల గురించి గానీ బట్టల గురించి గానీ తేల్చేవాడు కాదు. మీవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా అడగండి, మన నాటిక దేని గురించి అని. నీళ్ళ గురించి అని ఒకడు, కౌలు గురించి అని ఒకడు, ముసలాయన పట్టుదల గురించి అని ఒకడు చెప్తే ఇంకా బల్ల దగ్గర నుంచి లేవకండి. షూటింగ్ డేటు పెట్టాక ఇక్కడ రాయండి, పాలకొల్లు నుంచి బస్సెక్కి వస్తాను, ప్రాంప్టింగ్ చెయ్యాల్సొస్తే చేస్తాను.

శివారు_చేను:

తప్పకుండా రండి మాస్టారూ. కోతలయ్యాక పెడతాం, డేటు రాస్తాను.